ఎత్తు అద్దం

ముప్ఫై ఏళ్ళు వచ్చేదాకా వరప్రసాద్‌కి చలి అంటే ఏమిటో తెలియదు. సూరత్‌లో పుట్టి పెరిగినవాడికి ఎలా తెలుస్తుంది? అక్కడ చలికాలమంటే ఫ్యాను ఒకటో నంబరు మీద పెట్టుకుని దుప్పటి కప్పుకోవడం. అలాంటివాడు దసరాకి దూరప్రయాణాల మోటారు సైకిలొకటి కొన్నాడు. ఏనుగంత బండి, కూర్చుంటే రాజసం. సొంత డబ్బు పోసి చలిని ఇంటికి తెచ్చుకున్నాడన్నమాట.

నాలుగేళ్ళుగా కంపెనీ బస్సులో కునికిపాట్లు పడుతూ హజీరాలోని ప్లాంటుకి వెళ్ళినవాడు ఇప్పుడు పొద్దున్నే ఆరింటికి బండి మీద బయలుదేరుతున్నాడు. పుష్యమాసం వచ్చేసరికి తాపీ నది వంతెన మీద గాలి నేరుగా గుండెల మీద గుద్దేది. ప్లాంటుకి చేరాక గంటసేపు దగ్గు. మీటింగులో వీడు దగ్గుతుంటే పక్కవాళ్ళు కుర్చీలు జరుపుకునేవారు. బండికి ముందు గాలి అద్దం పెట్టించుకోక తప్పదని తేలిపోయింది.

తొందర పడటానికి ఇంకో కారణం కూడా ఉంది. కంపెనీలో ఆదివారాలు బళ్ళేసుకుని తిరిగే బృందం ఒకటుంది. దానికి పెద్ద త్రివిక్రమరావు, డిప్యూటీ జనరల్ మేనేజరు, బెజవాడ మనిషి. జనవరి మూడో ఆదివారం సాపుతారా కొండకి వెళ్దామని ఆయన నిర్ణయించాడు. ఆ సంగతి వరప్రసాద్ ఇంట్లో చెప్పగానే వాళ్ళ నాన్న రాజమల్లు చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు.

"బిడ్డా, నీ ఎనుక సీటు ఖాళీనే ఉంటది గద. ఒక్కపారి నన్ను గా కొండకాడికి తీస్కపోతవా?"

రాజమల్లు కరీంనగర్ పక్కనుంచి ఇరవై ఏళ్ళ వయసులో సూరత్ వచ్చి, లింబాయత్‌లో నలభై ఏళ్ళు మరమగ్గాలు నడిపాడు. మొన్న దీపావళికి సేఠ్ కొడుకు పాత మగ్గాలన్నీ తుక్కుకింద అమ్మేసి కొత్తవి దించాడు. కొత్తవాటికి కొత్తవాళ్ళు కావాలిగా, రాజమల్లు ఇంటికి వచ్చేశాడు. అప్పటికే ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవిలో పావలా వంతు మిగిలింది. ఏనాడో ఒక హోలీకి కార్ఖానా వాళ్ళంతా టెంపో కట్టించుకుని సాపుతారా వెళ్తే, మగ్గాలకి ఎక్కించిన పడుగు భీముల నేత మధ్యలో ఆగకూడదని ఈయనొక్కడే అందరి మగ్గాలూ చూస్తూ ఉండిపోయాడు. వెళ్ళొచ్చిన పక్క మగ్గం లింగం, అక్కడ మబ్బు చేతికి తగులుతుందని తను పోయేదాకా చెప్పి చెప్పి ఈయన్ని చంపుకుతిన్నాడు. రాజమల్లు కొడుకుని జీవితంలో నోరు తెరిచి అడిగింది ఈ ఒక్కటే.

"దానికేంది బాపూ, పోదాం" అన్నాడు వరప్రసాద్. అనడం తేలికే.

మర్నాడు క్యాంటీన్లో త్రివిక్రమరావుతో, "నాన్నగారిని తీసుకొస్తున్నాను సార్" అన్నాడు. ఆయన సంతోషించి, "ఏం చేస్తుంటారు నాన్నగారు?" అని అడిగాడు.

"టెక్స్‌టైల్స్ సార్."

"ఓ, వ్యాపారమా?"

వరప్రసాద్ అవుననలేదు, కాదనలేదు. నవ్వి ఊరుకున్నాడు. సూరత్‌లో టెక్స్‌టైల్స్ అనే మాటకి ఒక సౌకర్యం ఉంది. మిల్లు యజమాని నుంచి కండెలు చుట్టేవాడి దాకా అందరూ అందులో పడతారు.

ఆ శనివారం మధ్యాహ్నం అద్దం కొనడానికి బయలుదేరితే రాజమల్లు తనూ వస్తానన్నాడు. అద్దంతో గాలిని ఎట్లా ఆపుతారో చూడాలట. గళ్ళ లుంగీ, పైన తెల్ల చొక్కా, చెవులకి మఫ్లరు. ప్యాంటు వేసుకోమని చెప్పడానికి కొడుక్కి నోరు రాలేదు. ఆ రాకపోవడాన్ని తన మంచితనం కింద జమకట్టుకున్నాడు.

దుకాణం రింగు రోడ్డు పక్కన. ప్రవీణ్‌భాయ్ అనే గుజరాతీ ఆయనది. బృందంలో అందరూ అక్కడే కొంటారు. ఏసీ, గాజు తలుపు, గోడల నిండా హెల్మెట్లు. తలుపు దగ్గరికి రాగానే వరప్రసాద్ వెనక్కి తిరిగి, "నువ్వు బండికాడ ఉండు బాపూ, హెల్మెట్లు ఎవడన్న ఎత్కపోతడు" అన్నాడు. రాజమల్లు బుద్ధిగా రెండు హెల్మెట్లూ చెరో చేత్తో పట్టుకుని బండి పక్కన నిలబడ్డాడు.

ఎందుకంటే రాజమల్లుకి మెల్లగా మాట్లాడటం రాదు. మగ్గాల చప్పుడులో నలభై ఏళ్ళు అరిచిన గొంతు. లోపలికొస్తే, "నలపై ఏండ్లు లూములు నడిపిన" అని వీధి చివరికి వినపడేలా చెప్తాడు. ప్రవీణ్‌భాయ్ ఆ మాట సోమవారం నాటికి హజీరాకి చేరవేస్తాడు. వరప్రసాద్ భయం అదీ.

ప్రవీణ్‌భాయ్ మూడు అద్దాలు బల్ల మీద పరిచాడు. మొదటిది పొట్టిది, నల్లది, చూడ్డానికి సోకు. "ఇది ఫొటోలకి" అన్నాడు హిందీలో. రెండోది మధ్యరకం, పక్కలకి రెక్కలున్నది. పైన చిన్న పట్టీ, దాన్ని లేపొచ్చు, దించొచ్చు. మూడోది గడ్డం దాకా వచ్చే ఎత్తు అద్దం.

అమ్మడంలో ఆయనదొక పద్ధతి. అద్దాన్ని బండికి తాత్కాలికంగా బిగించి, నడిపేవాడి హెల్మెట్‌కి, భుజాలకి, ఛాతీకి జానెడేసి ఎర్ర ఊలు దారాలు అంటించి, ఫ్లైఓవర్ మీద ఒక చుట్టు తిప్పిస్తాడు. తను పక్కనే స్కూటర్ మీద వస్తూ దారాల్నే చూస్తాడు. దారం కదలకుండా వేలాడితే అక్కడ గాలి లేదని, కొట్టుకుంటే తగులుతోందని లెక్క.

"వెనక ఎవరు కూర్చుంటారు?" అన్నాడు దారాలు కత్తిరిస్తూ. "వాళ్ళకీ కట్టాలి. ఈ ఎత్తుది ముందు కూర్చున్నవాడికి స్వర్గం సాబ్, వెనకవాడికి నరకం. గాలి అద్దం ఎక్కి మీ తల మీంచి దూకి నేరుగా వాళ్ళ మెడ మీద పడుతుంది. ఇద్దరు వెళ్ళేట్టయితే మధ్యది తీసుకోండి. మీకు కాస్త తగులుతుంది, వాళ్ళు బతుకుతారు." గాజు తలుపులోంచి బయటికి చూశాడు. "అదుగో, హెల్మెట్లు పట్టుకున్నాయన. పిలవండి, వెనక కూర్చోబెట్టి చూద్దాం."

వరప్రసాద్ కూడా అటు చూశాడు. రాజమల్లు ఎండకి కళ్ళు చికిలించి లోపలికే చూస్తున్నాడు. లుంగీ గాలికి రెపరెపలాడుతోంది.

"వద్దు భాయ్. వెనక ఎవరూ కూర్చోరు. నేనొక్కణ్ణే."

"మరి ఆయన?"

"కార్ఖానా మనిషి."

అబద్ధం కాదు. నలభై ఏళ్ళు కార్ఖానాలో పనిచేసినవాడు కార్ఖానా మనిషి కాక మరేమవుతాడు? నిజాన్ని అలా మెలితిప్పి వాడుకునే తెలివి చదువుకున్నవాళ్ళకే ఉంటుంది. ప్రవీణ్‌భాయ్ తలూపి, వీడొక్కడికే దారాలు కట్టి తిప్పాడు. ఎత్తు అద్దం వెనక దారాలన్నీ నిద్రపోయాయి. వరప్రసాద్ అదే బిగించమన్నాడు. "వారంలో నచ్చకపోతే తెచ్చి మార్చుకోండి" అన్నాడు ప్రవీణ్‌భాయ్.

ఇంటికి వచ్చాక రాజమల్లు కొత్త అద్దం మీద వేలితో ఒకసారి తట్టి, బాగుందన్నాడు. ఆ సాయంత్రం భార్య బాలవ్వ కూరగాయలకి వెళ్ళేదాకా ఆగి, కొడుకుని పిలిచాడు.

"నేను రాను బిడ్డా. మీరు పోయిరాండ్రి."

"ఏంది బాపూ, మోకాళ్ళు నొస్తున్నయా?"

"మోకాళ్ళు మంచిగనే ఉన్నయి. ఎనుక ఎవ్వలు కూసోరంటివి గద."

వరప్రసాద్ దుకాణాన్ని గుర్తుచేసుకున్నాడు. గాజు తలుపు మూసే ఉంది. రోడ్డు మీద లారీల మోత. పైగా ఈయనకి చెవులు లేవు. ఎవరు చెప్పి ఉంటారా అని పిచ్చివాడిలా ఆలోచించాడు.

"చెవులు పోయినయి గని కండ్లు పోలేదు" అన్నాడు రాజమల్లు.

అప్పుడు గుర్తొచ్చింది. నలభై మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. పోగు తెగిందన్నా, చాయ్ వచ్చిందన్నా, సేఠ్ వస్తున్నాడన్నా ఈ చివరినుంచి ఆ చివరికి పెదవులతోనే చెప్పుకుంటారు. తెలుగైనా హిందీ అయినా గుజరాతీ అయినా మగ్గం మనిషి నోరు చూసి చదివేస్తాడు. చిన్నప్పుడు వరప్రసాద్ కార్ఖానా జాలీ కిటికీ బయట నిలబడి, గొంతు పెట్టకుండా 'అన్నం' అని నోరు ఆడిస్తే, అంత దూరంలో రాజమల్లు నవ్వి తలూపేవాడు. వేరే ఎవరి కొడుకైనా ఈ పొరపాటు చేసి ఉంటే సరేననుకోవచ్చు. మగ్గం మనిషి కళ్ళెదుట నోరు కదిపి, వినపడలేదులే అనుకున్నవాడు మగ్గం మనిషి కొడుకే.

"అది కాదు బాపూ..." అన్నాడు.

"నేను తప్పు పడుతలేను. నీ నౌకరి పెద్దది, నీ మనుషులు పెద్దోళ్ళు. మీ అవ్వకు చెప్పకు. మోకాళ్ళని చెప్తలే."

తిట్టి ఉంటే బాగుండేది. రెండు చెంపదెబ్బలు కొట్టినా బాగుండేది. ఆయన వీడి సిగ్గుని కూడా తనే మోసుకుని, భార్యకి తెలియకుండా దాచిపెట్టడానికి సిద్ధపడ్డాడు. ఆ రాత్రి వరప్రసాద్‌కి అన్నం సహించలేదు. బాలవ్వ దిష్టి తీసింది.

రెండు రోజులు వెంటపడి బతిమాలాడు. నువ్వు రాకపోతే నేనూ పోనన్నాడు. చివరికి రాజమల్లు మెత్తబడ్డాడు. కొడుకు ముఖం చూడలేక ఒప్పుకున్నాడో, కొండ మీద ఆశ చావక ఒప్పుకున్నాడో ఆయనకే తెలియాలి.

ఇక చేయాల్సిన పని ఒక్కటే. దుకాణానికి వెళ్ళి, "భాయ్, ఆ రోజు బయట నిలబడ్డాయన మా నాన్న. వెనక కూర్చునేది ఆయనే. మధ్య అద్దం వెయ్యి" అనాలి. మంగళవారం ప్లాంటు నుంచి నేరుగా వెళ్ళాడు కూడా. రోడ్డుకి ఇవతల బండి ఆపి చూశాడు. ప్రవీణ్‌భాయ్ ఎవరో కుర్రజంటకి దారాలు కడుతూ నవ్విస్తున్నాడు. వరప్రసాద్ మనసులో ఆ మూడు ముక్కలూ నాలుగైదుసార్లు అనుకున్నాడు. పదో తరగతిలో హిందీ పద్యం బట్టీ పట్టినప్పుడు కూడా అంత కష్టపడలేదు. పది నిమిషాలు నిలబడి బండి తిప్పేశాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. వీడు తొక్కనైతే తొక్కాడు గాని, కడుక్కోవడానికి నీళ్ళ దాకా వెళ్ళి సిగ్గేసి తిరిగొచ్చిన రకం.

వచ్చేదారిలో ఫుట్‌పాత్ మీద చలిబట్టల బజారులో తండ్రికి ఒక జాకెట్ కొన్నాడు. లావుపాటిది, మెరిసేది. రాజమల్లు దాన్ని చేతిలోకి తీసుకుని, బట్ట మనిషి కదా, ముందు రెండు వేళ్ళ మధ్య నలిపాడు. తరవాత నోటికి ఆనించుకుని ఊదాడు. అవతల అరచేయి పెట్టి చూసుకున్నాడు.

"గాలి దూరుతున్నది గదరా" అన్నాడు. కొడుకు ముఖం చూసి, "ఏం గాదులే, మంచిగున్నది" అని తొడుక్కున్నాడు.

ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి ఏడు బళ్ళు బయలుదేరాయి. వరప్రసాద్ తండ్రికి తన పాత ప్యాంటు వేయించాడు, బూట్లు తొడిగాడు, హెల్మెట్ పెట్టాడు. అందరికీ "నాన్నగారు" అని ఒక్కముక్కలో చెప్పి, బండి ఎక్కించేశాడు. ఆయన నోరు తెరిచే వ్యవధి ఇవ్వలేదు.

బార్డోలీ దాటేదాకా ఊళ్ళూ దీపాలూ ఉన్నాయి. ఆ తరవాత చెరుకు తోటల మధ్య చలి మొదలైంది. మొదలైందని వరప్రసాద్‌కి తెలియలేదు. ఎత్తు అద్దం వెనక వాడికి గది లోపల కూర్చున్నట్టే ఉంది. ప్రవీణ్‌భాయ్ చెప్పిన స్వర్గం అదే. ఇదేం చలి, ఊరికే భయపడ్డానే అనుకుని వేగం పెంచాడు. ముందు త్రివిక్రమరావు ఎర్ర దీపం కనిపిస్తోంది. దాన్ని తప్పిపోనివ్వకూడదు.

ఉనాయి దగ్గర రైలు గేటు పడితే ఆగారు. తల తిప్పి, "బాపూ, మంచిగున్నదా?" అని అరిచాడు. వాడి నోరు హెల్మెట్ లోపల ఉంది. రాజమల్లు ఏం చదువుతాడు? ఏదో అడిగాడనుకుని వీపు మీద రెండుసార్లు తట్టాడు. వరప్రసాద్ దాన్ని బాగుందన్నట్టు తీసుకున్నాడు.

వాంస్‌డా అడవి మొదలయ్యాక తండ్రి హెల్మెట్ వచ్చి వీపుకి ఆనింది. కాసేపటికి ఆ ఆనిన చోట సన్నగా వణుకు. ఇంజిను వణుకు అనుకున్నాడు. అనుకున్నాడనడం కంటే, అలా అనుకోవాలని గట్టిగా నిశ్చయించుకున్నాడనడం సబబు. ఇంజినీరింగ్ చదివినవాడు, ఇంజిను వణుక్కీ మనిషి వణుక్కీ తేడా తెలియదా? ఆపితే అందరూ ఆగుతారు. ఆగితే ఏమైందంటారు. ఏమైందంటే అద్దం సంగతి వస్తుంది. వాఘై ఇంకో ఇరవై కిలోమీటర్లేగా, అక్కడ ఎలాగూ టీకి ఆగుతారుగా అని సర్దిచెప్పుకున్నాడు.

వాఘైలో టీ కొట్టు దగ్గర బళ్ళు ఆగాయి. అందరూ దిగారు. రాజమల్లు దిగలేదు. వెనక కడ్డీని పట్టుకున్న వేళ్ళు ఊడి రావడం లేదు. బృందంలో సుహాస్ అనే కుర్రాడు ఆయన్ని నడుం పట్టి దించితే, వాడి భార్య కోమలి వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. హెల్మెట్ తీస్తే పెదవులు నీలంగా ఉన్నాయి, పళ్ళు టకటకమంటున్నాయి. పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. కోమలి ఆయన చేతులు రెండూ తన చేతుల మధ్య పెట్టుకుని రుద్దుతూ కూర్చుంది. సొంత కొడుకు హెల్మెట్ చంకలో పెట్టుకుని, చుట్టంలా పక్కన నిలబడ్డాడు.

రెండు గ్లాసుల టీ లోపలికి వెళ్ళాక రాజమల్లు కోలుకున్నాడు. త్రివిక్రమరావు పక్కన కూర్చుని, "టెక్స్‌టైల్స్ వ్యాపారం అటండి మీది?" అని మర్యాదగా అడిగాడు.

"యాపారం గాదు సార్, నలపై ఏండ్లు లూములు నడిపిన" అన్నాడు రాజమల్లు, టీ కొట్టంతా తిరిగి చూసేంత గట్టిగా.

"అలాగా అండీ" అన్నాడు త్రివిక్రమరావు. ఇంకో బన్ను ఆయన చేతిలో పెట్టాడు.

అంతే. ఆకాశం విరిగి పడలేదు. ఎవరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఈ 'అలాగా'కి భయపడా తను ఇంత చేసింది? వరప్రసాద్ టీ గ్లాసు పక్కన పెట్టేశాడు.

త్రివిక్రమరావు లేచి వచ్చి బండి చుట్టూ తిరిగాడు. అద్దం ముందు ఆగాడు. "ఇదేమిటయ్యా, వెనక పెద్దాయన్ని పెట్టుకుని ఈ అద్దం వేయించావు? ఇది ఒంటి మనిషికి కదా. ప్రవీణ్‌భాయ్ చెప్పలేదా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, వరప్రసాద్ నోట్లోంచి ముందుగా దొరికిన మాట వచ్చేసింది. "చెప్పలేదు సార్."

"చెప్పకపోవడమేమిటి? మనిషి ప్రాణాలతో చెలగాటం." త్రివిక్రమరావు అక్కడికక్కడే ఫోను తీశాడు. వద్దు సార్ అనేలోపు అవతల ఎత్తారు. ఆయన హిందీలో రెండు నిమిషాలు దులిపేశాడు. తరవాత వింటూ నిలబడ్డాడు. వింటున్నకొద్దీ ఆయన ముఖం మారింది. ఫోను చెవి దగ్గర్నుంచి దించి వరప్రసాద్ వైపు తిరిగాడు.

"వెనక ఎవరూ కూర్చోరని చెప్పావటగా?"

పొయ్యి మీద పాలు పొంగుతున్న చప్పుడు. సుహాస్, కోమలి, మిగతావాళ్ళు అందరూ చూస్తున్నారు. వరప్రసాద్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

ఫోనులో మాట రాజమల్లుకి వినపడే వీల్లేదు. కానీ త్రివిక్రమరావు పెదవులు ఆయనకి ఎదురుగానే ఉన్నాయి. గ్లాసు కింద పెట్టి లేచాడు.

"పోరనిది తప్పు లేదు సార్. గప్పుడు నేను రానన్న. మోకాళ్ళు నొస్తున్నయి రాననే చెప్పిన. అద్దం కొన్నంక, ఆఖరుకు నేనే మనసు మార్చుకొని ఎక్కిన. వాడేం జేస్తడు?"

త్రివిక్రమరావు ఒక్క క్షణం ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "అయితే సరేనండి" అని ఫోనులో ప్రవీణ్‌భాయ్‌కి క్షమాపణ చెప్పాడు. తరవాత వరప్రసాద్ భుజం తట్టి, ఏమనుకోవద్దన్నాడు.

వరప్రసాద్ ఏమీ అనుకోలేదు. అనుకోవడానికి లోపల చోటెక్కడుంది? ఇప్పుడైనా నోరు తెరవొచ్చు. కాదు సార్, మా బాపు అబద్ధం చెప్తున్నాడు, నేనే అన్నానని చెప్పొచ్చు. పెదవులు విడివడ్డాయి కూడా. రాజమల్లు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. వీడు ఊరుకున్నాడు. తండ్రి మాట జవదాటనట్టు ఊరుకున్నాడు. తనకి అనుకూలమైన చోట పితృభక్తి ఎంత తేలిగ్గా వస్తుందో చూడండి.

సాపుతారా ఇంకా యాభై కిలోమీటర్లు, అదీ ఘాట్ రోడ్డు. పైకి వెళ్ళేకొద్దీ చలి. రాజమల్లు మఫ్లరు బిగించి కట్టుకుని, రోడ్డుకి అవతల ఆగి ఉన్న ఎర్ర బస్సు చూపించాడు.

"నేను గండ్ల వస్త. నువ్వు నీ దోస్తులతోని రా. మీదికి వచ్చినంక కలుద్దాం" అని, ఎవరి జవాబూ వినే ఓపిక లేనట్టు రోడ్డు దాటాడు. నడక ఇంకా తూలుతోంది. కోమలి చూసి, "ఒక్కరే వెళ్తారా అంకుల్?" అంది. ఆయనకి వెనకనుంచి వినపడదు.

వరప్రసాద్ టీ కొట్టాయన్ని అడిగి బండిని పక్కన నీడలో పెట్టి, తాళం వేశాడు. "నేనూ బస్సులో వస్తా సార్" అన్నాడు. త్రివిక్రమరావు తలూపాడు. ఇంకేమీ అడగలేదు. ఆయనకి మొత్తం తెలిసిపోయిందని ఆ అడగకపోవడంలోనే వరప్రసాద్‌కి అర్థమైంది.

బస్సులో డాంగీ గిరిజన ఆడవాళ్ళు, గంపలు, ఒక మేకపిల్ల. రాజమల్లు కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. కొడుకుని చూసి కొంచెం జరిగాడు. "బండేదిరా?" అన్నాడు.

"ఈడనే ఉంచిన బాపూ."

ఇంకేదో చెప్పాలని వాడు ముఖం ఆయన వైపు తిప్పాడు. గొంతు లేకుండా నోరాడించినా చాలు, ఆయన చదువుకుంటాడు, బస్సులో ఎవరికీ వినపడదు. అదే కదా మళ్ళీ, ఎవరికీ వినపడకుండా అనిపించి, ఆ నోరు అక్కడే మూసుకుపోయింది. బయట అడవి మీద ఎండ పడుతోంది. బస్సు కదిలింది.

కండక్టరు టికెట్ల సంచీతో వచ్చి వీళ్ళ సీటు దగ్గర ఆగాడు. ఎక్కడికని మాత్రమే అడిగాడు. రాజమల్లు ఇంకా సరిగా వంగని వేలితో పక్కవాణ్ణి చూపించాడు.

"మేరా బేటా" అన్నాడు, మగ్గాల మధ్య నిలబడి చెప్పినట్టు. "హజీరా మే ఇంజినీర్ హై."

ముందు సీట్లవాళ్ళూ వెనక సీట్లవాళ్ళూ తిరిగి వరప్రసాద్ వైపు చూశారు. వాడు తల దించుకుని జేబులో డబ్బులు వెతుక్కున్నాడు. కండక్టరు ఏమీ మాట్లాడకుండా టికెట్లు చింపుతుంటే, వినపడలేదేమో అనుకుని రాజమల్లు ఆ మాటే మళ్ళీ ఇంకా గట్టిగా చెప్పాడు.